యాభై వేలు దాటిన ఫైలు

దోహాకి గంట దూరంలో ఒక బలదియా, అంటే మునిసిపాలిటీ ఆఫీసు. అందులో కాంట్రాక్టుల సెక్షన్లో భరణికి పదిహేడేళ్ల సర్వీసు. కాకినాడ మనిషి. ఏ ఖర్చుకి ఎవరి సంతకం సరిపోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. పది వేల రియాళ్ల దాకా సెక్షన్ హెడ్డు. యాభై వేల దాకా ముదీర్, అంటే ఆఫీసుకి పెద్ద. ఆపైన ఒక్క రియాల్ దాటినా ఫైలు కమిటీకి పోవాల్సిందే.

ఆ హద్దుని ఎలా దాటించాలో కూడా అతనికి తెలుసు. తెలియకేం! రెండేళ్ల కిందట ముదీర్‌గారు అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్ హాలుకి సోఫాలూ తివాచీలూ పరదాలూ కావాల్సొచ్చాయి. మొత్తం లక్షా పదివేలు. "మూడు ఫైళ్లు చెయ్యి" అన్నాడు ముదీర్, నోటిమాటగా. భరణి చేశాడు. మూడు సంతకాలూ పది నిమిషాల్లో పడ్డాయి. ఆర్నెల్లకి ఆడిట్ వాళ్లొచ్చి, ఒకే పనిని ముక్కలు చేసిందెవరని అడిగితే ముదీర్‌కి ఏమీ గుర్తు లేదు. మెమో భరణి పేరు మీద వచ్చింది. మళ్లీ జరిగితే ఉద్యోగం తీసేస్తామని రాశారు. ఉద్యోగం పోతే వీసా పోతుంది. పన్నెండో తరగతిలో ఉన్న కూతురు అమ్ముని చదువు మధ్యలో లాక్కుని ఇంటికి పోవాలి. సోఫాలకి మాత్రం ఏమీ కాలేదు.

ఈ ఏప్రిల్లో తిరుపాలు వచ్చాడు. రాయచోటి పక్క పల్లె అతనిది. ఒక కంపెనీ తరఫున బలదియా నర్సరీలో మొక్కలు చూసే ఇరవై రెండు మందిలో ఒకడు. జూన్ మొదలుకొని సెప్టెంబరు సగం దాకా, పదింటి నుంచి మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని చట్టం. మంచి చట్టమే! కానీ ఆ ఐదున్నర గంటలూ వాళ్లు కూర్చోవాల్సింది రేకుల షెడ్డులో. దాని ఏసీ పోయిన వేసవిలోనే చెడిపోయింది. వాళ్లుండే క్యాంపుకి తీసుకుపోయే బస్సు సాయంత్రానికి గానీ రాదు.

"లోపల కూచ్చుంటే ఒళ్లు ఉడికిపోతాది సార్. బయట ఎండే మేలనిపిస్తాది. జూన్ వచ్చేలోపల ఏందన్నా చెయ్యండి" అన్నాడు తిరుపాలు.

"చేస్తానయ్యా, నాదీ పూచీ" అన్నాడు భరణి.

మాటవరసకి అనలేదు. వారం తిరక్కుండానే మూడు కొటేషన్లు తెప్పించాడు. తెచ్చి దించేసే రెడీమేడ్ గది, అదే పోర్టా క్యాబిన్ ఒకటి, రెండు ఏసీలు, కరెంటు కనెక్షను. అన్నిట్లోకీ తక్కువది యాభై మూడు వేల నాలుగు వందలకి వచ్చింది.

పక్క సీటు ఫయాజ్ హైదరాబాదు మనిషి, తొంగి చూశాడు. "ఏమున్నది భరణి భాయ్? క్యాబిన్ ఒక ఫైలు, కరెంటు పని ఒక ఫైలు. యల్లా, ఖలాస్!"

"మెమో వచ్చింది నీక్కాదుగా."

"అరె, సోఫాలకు చేసినవ్. మనుషులకు చెయ్యవా?"

భరణికి ఒళ్లు మండింది. మాటలో తప్పేమీ లేదు కాబట్టే మండింది. లేచి ముదీర్ గదిలోకి వెళ్లి, రెండు ఫైళ్లు చెయ్యమని ఒక్క ముక్క రాసిమ్మన్నాడు. ముదీర్ నవ్వాడు. "రాతెందుకు? నేను చెబుతున్నానుగా" అన్నాడు. భరణి తలూపి బయటికొచ్చాడు. ఫైలుని ఒకటిగానే కట్టి కమిటీకి పంపాడు. పిరికితనం! దానికి రూలు పాటించడమని పేరు పెట్టుకున్నాడు మహానుభావుడు. తిట్టాలనే ఉంటుంది గానీ, ఆ మెమో మన పేరు మీద వచ్చుంటే మనమేం వెలగబెట్టేవాళ్లమో.

ఏప్రిల్ సమావేశానికి కమిటీలో సరిపడా సభ్యులు రాలేదు. తోటపనివాళ్లకి రెండు ఏసీలెందుకో వివరించమని మేలో ఫైలు వెనక్కి కొట్టారు. భరణి రెండు పేజీలు వివరించాడు. జూన్లో సెలవులన్నారు. ప్రతి గురువారం తిరుపాలు వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడేవాడు.

"కమిటీ అయిందా సార్?"

"వచ్చే వారం, తిరుపాలూ."

కొన్నాళ్లకి ఆ వేళయ్యేసరికి భరణి టీ గదిలోకి తప్పుకోవడం మొదలుపెట్టాడు. సిగ్గేసేది. అయినా తప్పుకునేవాడు.

జూలై రెండో వారంలో, మధ్యాహ్నం ఒంటిగంటకి, తిరుపాలు షెడ్డులో కుప్పకూలాడు. పని చేస్తూ కాదు, చట్టప్రకారం విశ్రాంతి తీసుకుంటూ! ప్రాణమైతే దక్కింది గానీ కిడ్నీలు రెండూ పోయాయి. ఇక పనికి రాడని రాసి, కంపెనీ ఇంటికి టికెట్టు తీసింది.

ప్రయాణానికి రెండ్రోజుల ముందు భరణి పళ్లు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. డయాలసిస్ నడుస్తోంది. తిరుపాలు లేవబోతే వద్దని వారించి, పక్కన కూర్చున్నాడు. పళ్లు తినకూడదట, నర్సు సంచీ తీసి అవతల పెట్టేసింది.

"ఆ ఫైలు కమిటీకి ఎందుకు పాయ సార్? పెద్ద సారు సంతకం సాలదా?" అని అడిగాడు తిరుపాలు.

ఇన్ని నెలల్లో ఆ సంగతి అతనికి చెప్పాలని భరణికి తోచనేలేదు. ఇప్పుడు చెప్పాడు. యాభై వేలు దాటితే ముదీర్ సంతకం చెల్లదని, ఇది దాటిందని.

"ఎంత దాటె సార్?"

"మూడు వేల నాలుగు వందలు."

తిరుపాలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. చాలాసేపు పట్టింది. "మేం ఇరవై రెండు మందిమి. తలా నూట యాభై అయిదు పడతాది. అంతేనా సార్? మేమే ఏసుకొనుందుము గదా! ఒక మాట మాకు చెప్పింటే సరిపోయ్యేది."

"అలా కుదరదయ్యా. రూలు ఒప్పుకోదు. ప్రభుత్వం పనికి బయటివాళ్ల డబ్బు..." భరణి అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు.

తిరుపాలు చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. "అట్లనా సార్. సదువు లేనోణ్ణి, నాకు తెలీకపాయ. తప్పుగా అనుకోవద్దండి" అన్నాడు.

చొక్కా పట్టుకుని నాలుగు తిట్టినా భరణి తట్టుకునేవాడు. లిఫ్టు దాకా కూడా వెళ్లలేక, వరండాలో గోడకానుకుని, యాభైయేళ్ల మనిషి ఎవరైనా చూస్తారేమోనని కూడా లేకుండా ఏడ్చాడు.