టైలరమ్మ లూజు చేసిన హెల్మెట్

ఒంటికి పట్టేసిన బట్టతో ఎవరైనా తన గడప దాటితే ఆ టైలరమ్మకి ఆ పూట అన్నం సయించేది కాదు. "కాస్త బిగుతుగా ఉందండీ" అన్న మాట చెవిన పడితే చాలు, చేతిలో పని పక్కన పడేసి బ్లేడు తీసేది, కుట్టు విప్పేది. వదులు చేయడానికని లోపల ఎప్పుడూ కాస్త గుడ్డ మిగిల్చే కుట్టేది. ఆ వీధిలో సగం మంది ఆడవాళ్ళు తాము ఒళ్ళు చేశామన్న సంగతే తెలియకుండా హాయిగా బతికేస్తున్నారంటే అది ఆమె చలవే.

కింద గదిలో ఆమె, ఆమె మిషను, ఎప్పుడో ఒకప్పుడు వచ్చిపోయే లారీ డ్రైవరు భర్త. పైన మరిది, తోడికోడలు, కాలేజీలో చేరిన వాళ్ళ కూతురు. మరిది లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఈ భవనంలో పని కాగానే ఆ భవనం నుంచి ఫోను. బండి వేసుకెళితే పెట్టడానికి చోటుండదు, నడిస్తే కాళ్ళు పడిపోతాయి. అందుకని, నెత్తి మీద జుట్టు పలచబడే వయసులో, ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డు కొన్నాడు మహానుభావుడు. చక్రాల చెక్క, దాని కింద మోటారు, చేతిలో గుప్పెడంత రిమోటు. చేరాల్సిన చోటికి చేరాక చంకలో పెట్టుకుని లిఫ్టెక్కేయొచ్చు.

తోడికోడలు ఇల్లు పీకి పందిరేసింది. "పిల్లలెక్కేది నువ్వెక్కుతావా? తల పగిలితే ఎవరికి చెప్పుకోను?" అని ఏడ్చింది, అలిగింది. ఏం చేసినా అతను దిగిరాలేదు. చివరికి తనే దిగొచ్చింది. "సరే, ఎక్కు. కానీ ఒంటికి తొడిగేవన్నీ అక్క చూసి కొనాలి. నిన్ను పంపితే రంగు చూసి కొంటావు."

కొట్లో టైలరమ్మ చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. మోకాళ్ళకి ప్యాడ్లు తొడిగించి మరిదిని గొంతుకూర్చోమంది, లేవమంది, బాతులా నడవమంది.

"వదినా, నలుగురూ చూస్తున్నారు. పరువు పోతోంది."

"పోనీ. పరువు మళ్ళీ వస్తుంది, మోకాలిచిప్ప రాదు. నడు."

మోచేతి ప్యాడ్లు లోపలి వైపుకి తిప్పి పట్టీలు ఎలా కుట్టారో చూసింది. అరచేతి కింద గట్టి పలక ఉన్న మణికట్టు గార్డులు పట్టుకుని లాగితే మొదటి జత కుట్టు నోరు తెరిచింది. "ఇది కుట్టా బాబూ, కంటితుడుపా? ఇంకోటి తియ్యి" అని రెట్టింపు కుట్టున్న జత దొరికేదాకా కొట్టు వదల్లేదు. పడేవాడు ముందు చేతులే ఆనిస్తాడని ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

హెల్మెట్ దగ్గర మాత్రం కొట్టాయన మాటే నెగ్గింది. మరిది తలకి ఒకటి తొడిగి, గడ్డం కింద పట్టీ బిగించి, "తల ఊపండి. హెల్మెట్ విడిగా కదలకూడదు, నుదుటి చర్మం దాంతోపాటే కదలాలి" అన్నాడు.

"నొక్కేస్తోందండీ."

"మొదట్లో అలాగే ఉంటుంది. వాడగా వాడగా లోపలి స్పాంజి తలకి సర్దుకుంటుంది. లూజుది తీసుకుంటే లాభం లేదు. పడేటప్పుడు వెనక్కి జారిపోతుంది."

టైలరమ్మ ఆ మాటలు శ్రద్ధగా విన్నది. విన్లేదని తర్వాత ఎన్నోసార్లు తనకి తాను చెప్పుకోబోయింది గానీ, విన్నది.

కొన్ని రోజులకి పిల్ల వచ్చి గుట్టు విప్పింది. "పెద్దమ్మా, నాన్న వీధి మలుపు దాటగానే హెల్మెట్ తీసి సంచికి తగిలించేసుకుంటున్నాడు." టైలరమ్మ మరిదిని నిలదీసింది. అతను నుదుటి మీద ఎర్రగా పడిన చార చూపించాడు. "తలపోటు వస్తోంది వదినా. బిగుతుగా ఉంది."

ఇంకేముంది! ఆ మాట అననే అన్నాడు. సెలవురోజు మధ్యాహ్నం అతను గుర్రుపెట్టి నిద్రపోతుంటే హెల్మెట్ కిందికి తెచ్చుకుంది. లోపలి గుడ్డ కుట్టు విప్పి, చుట్టూ ఒక పొర స్పాంజి కోసి తీసేసింది. గడ్డం పట్టీ కూడా కాస్త వదిలి కుట్టింది. అదే రంగు దారం వెతికి మరీ వేసింది, ఆ పనితనం చూసి తనే మురిసిపోయింది. అసలు పెట్టుకోకపోవడం కన్నా లూజుగా పెట్టుకోవడం నయం కదా అనుకుంది. మరి ఆ మాట పైకెళ్ళి చెప్పొచ్చుగా? చెప్పలేదు. చెబితే తోడికోడలు "కొట్టాయన వద్దన్నాడుగా అక్కా" అంటుందని.

మర్నాడు మరిది మెట్లు దిగుతూ కేకేశాడు. "కొట్టాయన చెప్పింది నిజమే వదినా, సర్దుకుంది!"

ఆమె మిషను తొక్కుతూ "ఊఁ" అని ఊరుకుంది.

వాన వెలిసిన ఒక సాయంత్రం రోడ్డు అతుకులో ముందు చక్రం ఇరుక్కుంది. బోర్డు ఆగింది, మనిషి ఆగలేదు. చేతులు చాచి పడ్డాడు. గార్డులు గీరుకుపోయాయి గానీ మణికట్లు చెక్కుచెదరలేదు. మోకాళ్ళకి దెబ్బ తగల్లేదు. హెల్మెట్ మాత్రం వెనక్కి జారింది, నుదురు కాలిబాట అంచుకి కొట్టుకుంది.

ఆసుపత్రిలో కుట్లు వేశారు, తలకి ఫోటోలు తీశారు. హెల్మెట్ ఉండబట్టి ప్రాణం దక్కిందని డాక్టరు అన్నాడట. ఆ మాట తోడికోడలు మోసుకొచ్చి వీధి వీధంతా పంచింది. "మా అక్క దగ్గరుండి కొనిపెట్టింది. లేకపోతే ఈపాటికి నా బతుకు రోడ్డున పడేది." కనిపించినవాళ్ళందరూ టైలరమ్మని ఆకాశానికెత్తారు. ఆమె చెప్పేద్దామని నోరు తెరిచేది, ఈలోగా ఎవరో "నీ చెయ్యి చల్లనిదమ్మా" అనేవారు, నోరు మూసుకునేది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ పొగడ్త ఆమెకి తియ్యగానే ఉండేది. అదే ఆమెని ఎక్కువ తినేసింది.

గాయం మానింది. ముక్కు మాత్రం పనిచేయడం మానేసింది. తలకి దెబ్బ తగిలితే ఒక్కోసారి అలా వాసన పోతుందట, వస్తే రావచ్చు లేకపోతే లేదట. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కమురు కంపు కొడుతుంటే, మరిది పక్కనే కూర్చుని తాపీగా పేపరు చదువుకుంటున్నాడు. పనిలో ఇంకా ఘోరం. లిఫ్టు మోటారు గది తలుపు తీసి గాలి పీల్చగానే తీగచుట్ట మాడిందో, బ్రేకు రాసుకుంటోందో చెప్పేసే మనిషి. ఇప్పుడు వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని పైకెళ్ళి "ఏమైనా వాసనొస్తోందా అన్నా?" అని అడుగుతున్నాడు. ఆ సంగతి తనే నవ్వుతూ చెప్పాడు. టైలరమ్మ లేచి నీళ్ళ వంకతో వెనక గదిలోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ తర్వాత అతను బోర్డు ముట్టుకోలేదు. దాని మీద కన్ను పిల్లకి పడింది. కాలేజీకి దాని మీదే వెళతానని ఒకటే గొడవ. తల్లి మొదట ససేమిరా అంది. ఆఖరికి ఒకనాడు పొద్దున్నే మొగుణ్ణీ కూతుర్నీ వెంటేసుకుని కిందికి దిగింది. చేతిలో ఆ హెల్మెట్టే ఉంది.

"అక్కా, వేరేది కొనను. ఈయన్ని కాపాడింది ఇదే, పిల్లనీ ఇదే కాపాడుతుంది. దీని తల చిన్నది కదా, లోపల కాస్త బిగించి పెట్టు. నీ చెయ్యి పడితే నాకు ధైర్యం. రేపట్నుంచి ఎక్కుతుందట."

టైలరమ్మ హెల్మెట్ అందుకుని మిషను మీద పెట్టింది.

"ఇది కాపాడలేదు" అంది.

"అదేంటక్కా?"

"దెబ్బ తిన్నది మళ్ళీ పెట్టకూడదు. అయినా ముందే దీన్ని నేను పాడుచేశాను. మరిది బిగుతు అన్నాడని స్పాంజి తీసేశాను."

తోడికోడలు నవ్వేసింది. "ఊరుకో. పొగిడితే మరీ ఇంత మొహమాటమా?"

చెబితే నమ్మరని అర్థమైంది. టైలరమ్మ బ్లేడు తీసుకుని లోపలి గుడ్డ కుట్టు బర్రున విప్పింది. ఖాళీగా వేలాడుతున్న గుడ్డ వాళ్ళ ముందు పెట్టింది. "ఇక్కడ ఇంకో పొర ఉండాలి. పట్టీ కూడా నేనే వదిలాను. అందుకే వెనక్కి జారింది. అందుకే నుదురు తగిలింది. నా పుణ్యమే ఇదంతా."

మరిది వేలితో నుదుటి మీది మచ్చ తడుముకున్నాడు. తర్వాత, ఎప్పటిలాగే, "నేనే కదా వదినా బిగుతన్నది. నువ్వు లూజు చేయకపోతే అసలు పెట్టుకునేవాణ్ణే కాదు" అన్నాడు. అతను అలా అనకుండా నాలుగు తిట్టినా బాగుండునని ఆమెకి అనిపించింది.

తోడికోడలు తిట్టలేదు, ఏడవలేదు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదక్కా?"

"భయమేసింది. తర్వాత... మీరందరూ మెచ్చుకుంటుంటే బాగుందనిపించింది."

ఆ జవాబు విని తోడికోడలు తలదించుకుని, కూతురి చెయ్యి పట్టుకుని మెట్లెక్కేసింది.

మరునాడు తల్లీకూతుళ్ళు ఆమెని పిలవకుండానే కొట్టుకి వెళ్ళొచ్చారు. పిల్ల మాత్రం కొత్త హెల్మెట్ పెట్టుకుని తిన్నగా మిషను దగ్గరికే వచ్చింది, పట్టీ బిగువుకి బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. "పెద్దమ్మా, ఎలా ఉంది చూడు. చెవుల దగ్గర నొక్కేస్తోంది."

టైలరమ్మ చెయ్యి దానంతటదే పిల్ల గడ్డం కింది పట్టీ వైపు లేచింది.

"ముట్టుకోకు అక్కా" అంది తోడికోడలు గుమ్మంలోంచి. గొంతులో కోపం లేదు. పొయ్యి దగ్గరికి పోతున్న పసిపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

టైలరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పిల్లని తల ఊపమంది. హెల్మెట్‌తోపాటే నుదుటి చర్మం కదిలింది. "సరిగ్గా ఉందమ్మా, అలాగే ఉండనీ" అంది.