చెయ్యి వేయకూడని కారు

సిమెంటు కొట్టు నగరేశ్వరరావు కేకలతోనే నెల్లిమర్లలో ఆ వీధికి తెల్లారుతుంది. “సెయ్యి తియ్యి! పెయింటు మీద ఏలిముద్రలు పడతాయి!” అంటూ పాలవాడి మీదో, కాస్త ఆనుకుని నిలబడ్డ ముసలాయన మీదో విరుచుకుపడతాడు. ఎవరి గోదాములోనో తుప్పు పట్టిపోతున్న పాత జర్మన్ బీటిల్ కారును కొనితెచ్చి, నాలుగేళ్లుగా బాగుచేయిస్తున్నాడు. ఫ్యాక్టరీలోంచి వచ్చిననాడు ఎలా ఉందో అలాగే ఉండాలని అతని పట్టు. అద్దం చుట్టూ విజయనగరంలో దొరికే రబ్బరు వేస్తానన్న మెకానిక్కు మొహానే దాన్ని విసిరికొట్టి, జర్మనీ నుంచి తెప్పించాడు. కారు తుడిచేటప్పుడు మాత్రం వేళ్ల ఉంగరాలన్నీ తీసి జేబులో వేసుకుని, మెత్తటి బనీను గుడ్డతో పసిపిల్ల ఒళ్లు తుడిచినట్టు తుడుస్తాడు.

మొన్న ఆదివారం కారుకు పూజ చేయించడానికి అరసవల్లి బయల్దేరారు. భార్య పద్మకుమారి పట్టుచీర కట్టుకుని, కొబ్బరికాయల సంచితో వచ్చి కారు తలుపు మీద చెయ్యి వేసింది.

“ఆగవే! గీతలు పడిపోతాయి. ముందా గాజులు తీసీసి ఎక్కు!” అని అరిచాడు.

వీధి గతుక్కుమంది. ఆవిడ సంచి కింద పెట్టి, అతని మొహంలోకి చూసింది.

“మీరు బతికుండగానే తీసీమంతన్నారేటండీ?”

తానేమన్నాడో అప్పుడు తెలిసింది అతనికి. ఆవిడ బంగారు గాజుల చేతిని వెనక దీపం దగ్గర ఆనించి, ముందు దీపం దాకా కొత్త పెయింటు మీద బరబరా ఈడ్చుకుంటూ నడిచింది. తర్వాత సంచి తీసుకుని, ముందు సీట్లో కూర్చుని, తలుపు ధడాలున వేసింది.

“పదండి. ఎండెక్కిపోతన్నాది.”