గుర్వయ్య కండ్ల కేసు

మోత్కూర్ గొర్ల అంగడిలో ముప్పై ఏండ్లుగా బేరాలు కుదిర్చే మనిషి గుర్వయ్య. తువ్వాల కింద చేతులు పట్టుకొని, వేళ్లు నొక్కి ధర తేల్చేస్తాడు. ఆ అంగడిలో ఎవణ్ణైనా తాగుబోతు అను, నవ్వి ఊరుకుంటాడు. బేరగాణ్ణి మాత్రం గుడ్డోడన్నావా, వాడి నోట్లో మన్ను కొట్టినట్టే.

అలాంటి మనిషికి షుగరొచ్చింది, పొట్టా పెరిగింది. పట్నం చదువు చదివానని విర్రవీగే డాక్టరొకడు వారానికో సూది రాశాడు. షుగరూ దిగుతుంది, పొట్టా కరుగుతుందన్నాడు. పొట్ట కరిగిందిలే, ఎవరు కాదన్నారు? తొమ్మిదో నెలలో ఓ పొద్దున లేచేసరికి ఎడమ కన్ను చీకటి. మూడు వారాలకు కుడి కన్నూ పోయింది. నరానికి నెత్తురందక ఎండిందని, ఆ సూది వల్ల కావచ్చు, కాకపోనూవచ్చని కంటి దవాఖానలో చెప్పారు. రాసిన మహానుభావుడేమో అంతా నీ షుగర్ వల్లేనని చేతులు దులుపుకున్నాడు. ఆ దులుపుకోవడం నేర్చుకోవడానికే అంత చదివాడు కాబోలు!

కూతురు నిహారిక ఊరుకోలేదు. బయటి దేశాల్లో ఇలాంటి కేసులు బోలెడు నడుస్తున్నాయని ఫోన్‌లో చదివి, నల్లగొండ వినియోగదారుల కమిషన్‌లో ఆ సూదిమందు కంపెనీ మీద కేసు వేసింది. కంపెనీ వకీలుది ఒకటే పాట: చూపు పోయినవాడు వారం వారం అంగడిలో బేరాలెలా చేస్తాడు?

ఎలా చేస్తాడంటే, చెప్పకుండా చేస్తాడు. ఏడాదిగా పొట్టేలు నోట్లో వేలు పెట్టి, పండ్లు తడిమి వయసు చెబుతున్నాడు. వెన్ను నొక్కి బరువు చెబుతున్నాడు. ఇంటివాళ్లకు తప్ప ఆ గుట్టు తెలిసింది, పక్కన నడిచే దోస్తు గోపయ్య ఒక్కడికే. అందుకని నిహారిక వాళ్లు గోపయ్యనే సాక్షిగా తెచ్చారు. తెచ్చినవాళ్ల తెలివికి దండం పెట్టాలి.

గోపయ్య సాక్ష్యానికి నిలబడి వెనక్కి చూశాడు. కంపెనీ వకీలు పిలిపించిన అంగడి మనుషులు నలుగురు బెంచీ మీదున్నారు. ఇతనికి కండ్లు కనబడవా అని వకీలు అడిగాడో లేదో, గోపయ్యకు రోషం పొడుచుకొచ్చింది. నలుగుట్లో దోస్తును గుడ్డోడనాలా?

"మా గుర్వన్నకు కండ్లు కనబడకపోవుడేంది సార్? ఆమడ దూరంల గొర్రెను సూసి పండ్లెన్నో చెప్తడు."

వకీలు పకపకా నవ్వాడు. నిహారిక నెత్తి కొట్టుకుంది. గుర్వయ్యకు గోపయ్య మీద కోపం రాలేదు, ఆ అబద్ధం నేర్పింది తనే. ఏడాది బతుకంతా తలుచుకుంటే తన మీద తనకే రోత పుట్టింది. ఆ నవ్వు మీద అంతకన్నా రోత పుట్టింది. లేచి, కమిషన్ అధ్యక్షురాలి గొంతు వినబడ్డ వైపు తిరిగాడు.

"గోపయ్య నా ఇజ్జత్ కోసం అబద్ధమాడిండమ్మా. ఏడాది సంది అంగడిని నేను మోసం చేస్తున్న. నాకు కనబడది. గుడ్డోణ్ణని రాసుకోండ్రి."

బెంచీ మీద ఒకడు గొణిగాడు. "గట్లయితే మొన్న నా మేకపోతుల బేరం గుడ్డి బేరమేనా?"

అధ్యక్షురాలు గుర్వయ్య మాట రాయించింది. కేసు రెండు నెలలకు వాయిదా పడింది. బయట మెట్ల దగ్గర అంగడి మనుషులు పలకరించకుండా గుర్వయ్య పక్కనుంచే జారుకున్నారు, ఎలాగూ కనబడదు గదా అని. చెప్పుల చప్పుడును బట్టి నలుగురిలో ఎవరెవరో ఆయన పోల్చుకున్నాడు.