నాలుగో నంబరు కాపలావాడు

లోకంలో ఏ తప్పు జరిగినా నేరస్థుడు ఒక్కడేనని మా డాక్టర్ కటుంగ్యే గారి నమ్మకం. వాడు నాలుగో నంబరు. మ్బరారా ఊరి ఆసుపత్రిలో, కంటి వార్డులో జుట్టు నెరిసేదాకా ఆయన పక్కన నర్సుగా పనిచేశాను కాబట్టి, నా పుట్టింటివాళ్ల గురించి కంటే వాడి గురించే ఎక్కువ విన్నాను. విని విని అలసిపోయాను.

నాలుగో నంబరు మనిషి కాదు. మన కంటి కణాల మీద సూక్ష్మక్రిముల్ని పసిగట్టే కాపలావాళ్లు ఉంటారట. పేర్లు పెట్టే ఓపిక లేక కాబోలు, శాస్త్రజ్ఞులు వాళ్లకు నంబర్లు వేశారు. అయిదో నంబరువాడు క్రిమిని తోక చూసి గుర్తుపడతాడు. నాలుగో నంబరువాడు చొక్కా, అంటే క్రిమి పైపొర, చూసి గుర్తుపడతాడు.

"గుర్తుపడితే మంచిదే కదండీ" అని ఒకసారి పొరపాటున అన్నాను. ఆ పూట నాకు భోజనం లేదు.

"గుర్తుపట్టి ఊరుకుంటాడా సిస్టర్? కేకలేసి ఊరంతటినీ పిలుస్తాడు. వచ్చినవాళ్లు కర్రలు తిప్పుతారు. క్రిమి చస్తుంది, సరే. అద్దంలాంటి కంటి పొర కూడా చితికిపోతుంది. మన చుక్కల మందుకి క్రిములన్నీ చచ్చాక కూడా, వాటి చిరిగిన చొక్కాలు చూసి వీడు అరుస్తూనే ఉంటాడు."

టీ పొంగినా నాలుగో నంబరే. "కాస్త వేడి తగిలితే ఇంత హడావిడా? అచ్చం వాడే" అనేవారు. నేను జ్వరమని సెలవడిగితే, "అంత అరవక్కర్లేదని మీ నాలుగో నంబరువాడికి చెప్పండి" అని సెలవిచ్చారు. రోగుల వరస గేటు దాకా ఉన్నా సరే, ప్రతి ఒక్కరికీ ఈ కథ మొదటినుంచీ చెప్పాల్సిందే. పక్కన నిలబడి నా కాళ్లు పీకేవి.

ఒక వానాకాలం తిబెసిగ్వా అనే అరటి రైతు వచ్చాడు. ఎండుటాకు అంచు కంట్లో గీరుకుందట. వాళ్లమ్మ బోనబానా ఏదో ఆకు దంచి పసరు పోసింది. మా దగ్గరకొచ్చేసరికి కంట్లో చీము. భార్య కెంబబాజి అత్తతో మాట మానేసింది. మాతో మాత్రం ధారాళంగా మాట్లాడింది.

"ఈవిడే తీసింది ఆ కన్ను. ఇక మా గడప తొక్కనివ్వను. నా పిల్లల్ని తాకనివ్వను."

ముసలావిడ మూల కూర్చుని, గ్లాసులో పోసిచ్చిన జొన్న గంజి కూడా ముట్టలేదు. కొడుకు కన్ను పోతుందని ఒక భయం, తనకి ఇల్లు పోతుందని ఇంకో భయం.

డాక్టరు గారు కన్ను చూసి, కుర్చీ లాక్కుని, కథ మొదలుపెట్టారు. ఈసారి మరీ రెచ్చిపోయారు.

"మీ అత్తగారి సంగతి తరవాత. అసలు నేరస్థుడెవడో తెలుసా అమ్మా? నాలుగో నంబరు కాపలావాడు. దొంగని పట్టుకోబోయి ఇల్లే పగలగొట్టాడు."

"వాడెక్కడుంటాడు?"

"ఎక్కడికి పోతాడు, ఇక్కడే ఉన్నాడు" అంటూ ఆయన కన్ను చూపించబోయారు. ఆమె అప్పటికే లేచి వెళ్లిపోయింది.

మా గేటు కాపలాదారు ముగరూర. అతని చొక్కాకి ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద నాలుగు అంకె.

కాసేపటికి ముగరూర టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. "నేనెవరి కన్నూ పొడవలేదు డాక్టరు గారూ. ఆవిడ మా తాతల దాకా వెళ్లిపోయింది."

"ఏమంది?"

"కర్ర తిప్పడం రానివాడికి కాపలా ఎందుకంది. నేనివాళ కర్రే తేలేదండీ."

నేను వివరించబోయాను. డాక్టరు గారు చెయ్యెత్తి ఆపారు. ముగరూరను పక్కకి తీసుకెళ్లి ఏదో గొణిగారు. అతను ముసలావిడ వైపు చూసి, తల గోక్కుని, "సరేలెండి, తిట్లు నాకు అలవాటే" అని వెళ్లిపోయాడు.

గంటగంటకీ చుక్కలు వేసింది నేనే. క్రిములు చచ్చాయని రూఢి అయ్యాక డాక్టరు గారు వాపు తగ్గించే మందు మొదలుపెట్టారు. తెల్లమచ్చ ఒకటి మిగిలినా కన్ను నిలిచింది. ఈలోగా కెంబబాజి రోజూ గేటు దాకా వెళ్లి తిట్టి, అలసిపోయి వచ్చి అత్త పక్కన కూలబడేది. ఒకరోజు చూద్దును కదా, ఇద్దరూ ఒకే పళ్లెంలో ఉడికించిన అరటికాయ తింటున్నారు.

"వాడి ముఖం చూస్తేనే తెలుస్తుందత్తా."

"నేను రాగానే అనుకున్నానే."

ఇంటికి పంపే ముందు డాక్టరు గారు ముసలావిడను చాటుకి పిలిచి, ఇంకెప్పుడూ ఎవరి కంట్లోనూ పసరు పోయొద్దని, తిన్నగా మా దగ్గరకు తీసుకురమ్మని నెమ్మదిగా చెప్పారు. అది చూసి నాకు ఒళ్లు మండింది.

"క్రిమిని కంట్లోకి తెచ్చింది ఆ పసరేనని మీకు తెలుసన్నమాట."

"తెలుసు."

"మరి ఇన్నేళ్లుగా వచ్చినవాళ్లందరికీ ఆ కథ ఎందుకండీ?"

"కథ నిజమే సిస్టర్. కాకపోతే పసరు పోసినవాళ్లూ, కన్ను పోగొట్టుకున్నవాళ్లూ కలిసి ఒకే ఇంటికి వెళ్లాలి కదా. నాలుగో నంబరువాడికి ఇల్లూ లేదు, కోడలూ లేదు. వాడు మోస్తాడు."

ఆయన్ని భరించడం కష్టం. ఇష్టపడకుండా ఉండటం అంతకంటే కష్టమని ఆ రోజు తెలిసింది.

వ్యాను కదిలింది. కెంబబాజి అత్తను కిటికీ పక్కన కూర్చోబెట్టి, తను ఆనుకుని కూర్చుంది. గేటు దాటుతుంటే అత్తాకోడళ్లిద్దరూ తలలు బయటపెట్టి ముగరూర వైపు కొరకొరా చూశారు. అతను నిటారుగా నిలబడి, ఎంతో శ్రద్ధగా, తప్పు చేసినవాడి ముఖం పెట్టాడు.