బాతు పీట

"పాప దొడ్డికి తనంతట తను కూర్చుంటుందాండి?" అని అడిగింది బేబీ స్కూలు ఆయా.

మా ఆవిడ నేల చూపులు చూసింది. నేను గోడ మీది అక్షరాల పటం చూశాను.

"పదకొండు మంది పిల్లలండి. నాకున్నది రెండు చేతులండి. అలవాటు చేసి పంపండి, కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటాను" అని చేతులు తుడుచుకుంది.

తొంభైల చివర్లో మేము రామచంద్రపురంలో ఉండేవాళ్ళం. మా ఆవిడకు ఊరి చివర బడిలో టీచరు ఉద్యోగం వచ్చి ఏడాది కాలేదు. వేసవి సెలవులు ఇంకా మూడు వారాలే. అన్నాళ్ళూ పిల్లను చూసుకున్న మా అత్తగారు నరసాపురం వెళ్ళిపోవాలి. అక్కడ మామగారు చేయి కాల్చుకుంటున్నారు. బడి తెరిచేలోగా రెండేళ్ళు దాటిన మా అమ్మాయి దారికి రాకపోతే ఉద్యోగం మానేయడమే గతి అని మా ఆవిడ తేల్చేసింది.

చిక్కంతా అమ్మమ్మ కాళ్ళతో వచ్చింది. రోజూ పొద్దున్నే మా అత్తగారు పెరట్లో చిన్న చెక్కపీట వేసుకుని, కాళ్ళు బారచాపి, పాదాల మీద మనవరాలిని కూర్చోబెట్టుకునేవారు. మా వైపు పసిపిల్లలందరికీ అదే మొదటి సింహాసనం. అయితే ఆవిడ ఖాళీగా కూర్చునే మనిషి కాదు. నరసాపురం ఆడవాళ్ళ చేతిలో లేసు అల్లిక ఉండాల్సిందే. సూదీ దారం ఆడుతూనే ఉండేవి, కాకుల కథ సాగుతూనే ఉండేది. ఆ రోజు పని ఎంత ఆలస్యమైందో లేసు చూసి చెప్పొచ్చు. మామూలుగా ఒక పువ్వు, మొండికేస్తే రెండు. అలాంటి సింహాసనం వదులుకోవడానికి మా అమ్మాయికి ఏం ఖర్మ?

పని మీద రాజమండ్రి వెళ్ళినప్పుడు, పిల్లలు దొడ్డికి కూర్చునే పసుపుపచ్చ ప్లాస్టిక్ బాతు ఒకటి తెచ్చాను. "దీనిమీంచి పిల్లలు దిగరండి" అన్నాడు కొట్టతను.

మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడరు. నేను ఎదురుగా ఉన్నా సరే, కూతురితోనే చెబుతారు. "ఏమే, మీ ఆయన గోదావరి గట్టుదాకా వెళ్ళి బాతుని పట్టుకొచ్చారా?"

మా అమ్మాయి ఆ బాతు మెడకు తాడు కట్టి ఇల్లంతా ఈడ్చింది. నెత్తిన బోర్లించుకుంది. వంకాయలు పోసి అమ్మింది. కూర్చోబెడితే మాత్రం స్ప్రింగులా లేచి, అప్పుడే తుడిచిన హాల్లోకి పరిగెత్తి, అక్కడ పని కానిచ్చేది. పోనీ కాళ్ళే కదా అని ఒకరోజు నేను ప్యాంటు మడిచి పీట మీద కూర్చున్నాను. ఒక్క క్షణం కూర్చుని లేచిపోయింది.

"గుచ్చుకుంటన్నాయి" అంది నా కాళ్ళు చూపించి.

రెండు వారాలు అలాగే గడిచాయి. ఒక సాయంత్రం మా ఆవిడ రాజీనామా ఉత్తరం రాసి, సంతకం చేయకుండా పుస్తకం కింద పెట్టింది. మా అత్తగారి కంట పడింది.

"నా కాళ్ళ మూలాన నీ ఉద్యోగం పోయిందన్న మాట నాకొద్దు" అన్నారు. ఆ పూట లేసు ముట్టుకోలేదు.

మర్నాడు పెరట్లో పీట మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. "నా మోకాళ్ళు నొప్పే. ఇవాళ నీ బొమ్మకి వస్తందంట. నువ్వే కూర్చోబెట్టమ్మా" అని తను కుట్టిచ్చిన గుడ్డబొమ్మను అందించారు.

మా అమ్మాయి మహా సంబరంగా నేల మీద చతికిలబడి కాళ్ళు చాపింది.

"కింద కూర్చుంటారేంటే? నాకు పీట లేదూ? నీ పీటేది?" అంటూ బాతును ముందుకు తోశారు. "గౌను ఎత్తుకో, నలుగుద్ది."

మేమిద్దరం వంటింటి తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. బాతు మీద మా అమ్మాయి, తన పాదాల మీద బొమ్మ. "ఊఁ, కానీ. నాకవతల వంటుంది" అని అచ్చం అమ్మమ్మలా గదమాయించింది. మా అత్తగారు తలెత్తకుండా అల్లుకుంటున్నారు. రెండో పువ్వు సగంలో ఉండగా ప్లాస్టిక్‌లో టపామని చప్పుడైంది.

మా అమ్మాయి బొమ్మను అనుమానంగా చూసింది. "అమ్మమ్మా, బొమ్మకి అయిపోయింది" అని ప్రకటించింది. ముందు బొమ్మకి కడిగితేగానీ తనను కడగనివ్వలేదు.

వారం రోజులు బొమ్మకి రోజూ సవ్యంగానే అయింది. ఉత్తరం పొయ్యిలోకి వెళ్ళింది, అత్తగారు నరసాపురం వెళ్ళారు. బడి తెరిచిన రోజున పిల్లనూ బొమ్మనూ బాతునూ ఆయాకు అప్పగించి మా ఆవిడ పాఠం చెప్పడానికి పోయింది.

నాలుగో రోజు ఆయా నన్ను గుమ్మంలోనే ఆపింది.

"మీ అమ్మాయితో ఏ బాధా లేదండి. మిగతా పదకొండు మందీ బొమ్మ లేందే కూర్చోమంటన్నారండి. ఆ గుడ్డబొమ్మ కుట్టినావిడ ఏ ఊరండి?"