వద్దండీ, మీకెందుకు శ్రమ

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయలేదంటే సిగ్గుపడి కాదు, రాయడం రాక. బడికి పంపాల్సిన వయసులో నా చంకలో ఎప్పుడూ ఎవరో ఒక చంటిపిల్ల ఉండేది. యాభై దాటాక, ఈ పరాయిదేశంలో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో, గుడి వెనక హాలులో జరిగే ఆదివారం తెలుగు క్లాసులో చేరాను. మోకాళ్ళు గడ్డానికి తగిలే బుల్లి కుర్చీలో కూర్చుని అక్షరాలు దిద్దాను. పక్క సీటు పాప ప్రతివారం నా పలకలోకి తొంగిచూసి, "ఆంటీ, యువర్ ‘ఖ’ ఈజ్ సో ఫన్నీ" అని నా పరువు తీసేది.

ఇప్పుడు నా ‘ఖ’ కుదిరింది. కాబట్టి ఒక్క మాటతో నన్ను నేనే ఈ దేశం నుంచి గెంటేసుకోబోయిన ఘనకార్యం మీకు చెబుతాను. హాయిగా నవ్వుకోండి. ఆ రోజు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

రెండు వేల పన్నెండు ప్రాంతం. అంతకు కొన్నేళ్ళ ముందు ఒక కుటుంబం నన్ను వంటకీ, పిల్లల్ని చూసుకోవడానికీ ఇక్కడికి తీసుకొచ్చింది. దిగిన రోజే నా పాస్‌పోర్ట్ వాళ్ళ బీరువాలోకి, నేను వాళ్ళ వంటింట్లోకి వెళ్ళాం. ఇద్దరం చాలాకాలం బయటికి రాలేదు. చివరికి, పిల్లల్ని ఎత్తుకోవడానికి వాళ్ళ వెంట గుడికి వెళ్ళినప్పుడు పరిచయమైన ఒకావిడ ధైర్యం చెప్పి పోలీసుల దగ్గరికి తీసుకెళితే బయటపడ్డాను. అప్పటికి వీసా గడువు దాటిపోయింది. నన్ను వెనక్కి పంపేయాలని ప్రభుత్వం కేసు పెట్టింది. వెనక్కి వెళ్ళడానికి నాకేం నామోషీ లేదు కానీ, పోలీసులకి చెప్పానని ఆ కుటుంబం పెద్దలు మా ఊళ్ళో కాచుక్కూర్చున్నారు. "రానీ, దాని సంగతి చూస్తాం" అని కబురు కూడా పెట్టారు.

అలాంటి సమయంలో నాకు కీర్తన దొరికింది. లా చదువు అప్పుడే ముగించిన పిల్లలకి జీతమిచ్చి, పెద్ద లాయర్ల దగ్గర పని నేర్పించి, ఫీజు ఇచ్చుకోలేని నాబోటి వలసవాళ్ళ తరఫున నిలబెట్టే పద్ధతి ఒకటి ఇక్కడ ఉంది. ఫెలోషిప్ అంటారు. కీర్తన అందులో కొత్తగా చేరింది. ఇక్కడే పుట్టిన తెలుగుపిల్ల.

"ఆంటీ, నేను మీ లాయర్" అంది. నేను అసలు లాయరు ఎప్పుడొస్తాడా అని తలుపు వైపు చూశాను.

"నేనే ఆంటీ. వేరే ఎవరూ రారు. కాఫీ కావాలా?"

"వద్దమ్మా, ఇప్పుడే తాగొచ్చాను."

తాగి రాలేదు. అది మర్యాద. మీకు తెలుసు కదా, మొదటిసారి అడిగేది మాటవరసకి. రెండోసారి అడిగేది ప్రేమకొద్దీ. మూడోసారి చేతిలో గ్లాసే పెట్టేస్తారు, అప్పుడు "అయ్యో, ఎందుకండీ ఇదంతా" అంటూ తాగాలి. నేను పెరిగిన పద్ధతి అది. కీర్తన మాత్రం "ఓకే" అని, ఒక్క కప్పు పోసుకుని నా ఎదురుగా కూర్చుని చివరి చుక్కదాకా తాగింది. తరవాత ఎన్నిసార్లు వెళ్ళినా అదే తంతు. నేను కాఫీ ముట్టనని ఆ పిల్ల, ఈ పిల్లకి మర్యాద నేర్పలేదని నేను, ఇద్దరం ఒకరినొకరు చూసి జాలిపడ్డాం.

కేసు సంగతి చెబుతాను. నాలాగా చిక్కుకున్నవాళ్ళకి ఇచ్చే ఒక రకం వీసా కోసం కీర్తన వేరే ఆఫీసులో దరఖాస్తు పెట్టింది. అది తేలేదాకా జడ్జిగారు కేసు ఆపి గడువు ఇవ్వాలి. ఇవ్వకపోతే నన్ను విమానం ఎక్కించేస్తారు. మాకు కావలసింది గడువు ఒక్కటే. పాస్‌పోర్ట్ ఎవరు దాచారు, బయటికి ఎందుకు రాలేకపోయాను, ఇలాంటి కష్టమైన ప్రశ్నలన్నీ కీర్తన నాచేత వల్లెవేయించింది. సులువైన ప్రశ్న ఒకటి వస్తుందని ఇద్దరికీ తట్టలేదు.

కోర్టు రోజు కీర్తన ఒంటరిగా నిలబడి వాదించడం అదే మొదటిసారి. ఆమెకి పని నేర్పే పెద్ద లాయరు మార్గరెట్ వెనక బెంచీలో నోటికి తాళం వేసుకున్నట్టు కూర్చుంది. కీర్తన సర్దిన కాయితాలే మళ్ళీ మళ్ళీ సర్దుతోంది. నా సంగతి అడక్కండి. నా గుండె చప్పుడుకి జడ్జిగారు ఎక్కడ సుత్తి కొడతారోనని భయపడ్డాను.

తెలుగు చెప్పే మనిషి కోర్టులో లేడు. ఎక్కడో ఉండి, బల్లమీది ఫోన్ స్పీకర్‌లోంచి మాట్లాడతాడు. "అమ్మా, మీరన్నదీ వాళ్ళన్నదీ అక్షరం పొల్లుపోకుండా చెప్పడమే నా డ్యూటీ" అన్నాడు మొదట్లోనే. బంగారంలాంటి మనిషి అనుకున్నాను. ఆ అభిప్రాయం ఎంతోసేపు నిలవలేదు.

కీర్తన లేచి గొంతు సవరించుకుని గడువు అడిగింది. జడ్జిగారు కాయితాలు తిప్పి, కళ్ళద్దాల పైనుంచి సూటిగా నన్ను చూశారు. ఏదో అడిగారు. ఫోన్ తెలుగులో పలికింది.

"అమ్మా, జడ్జిగారు మీ నోటితో వినాలంటున్నారు. మీకు గడువు కావాలా?"

నల్లకోటు వేసుకుని అంత ఎత్తున కూర్చున్న పెద్దమనిషి, పని మానుకుని నన్ను పలకరించి, "కావాలా" అని అడుగుతున్నాడు. నా బుర్ర ఇంకా ఆలోచనలోనే ఉంది. నాలుక దాని దారిన అది వెళ్ళిపోయింది.

"వద్దండీ, మీకెందుకు శ్రమ."

బంగారంలాంటి మనిషి దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేశాడు.

నాకు ఇంగ్లీషు మాట్లాడటం రాకపోయినా వింటే కొంత తెలిసేది. నేనేం చేశానో అప్పుడు తెలిసింది.

"అయ్యో బాబూ, ఆ మాట చెప్పేశావా!" అన్నాను ఫోన్‌తో.

అతను అది కూడా చెప్పేశాడు.

అవతలి బల్ల దగ్గర ప్రభుత్వ లాయరు లేచి, ఆవిడే వద్దంటున్నప్పుడు మాకేం అభ్యంతరం లేదు అన్నట్టు ఫైలు మూసేశాడు. జడ్జిగారు కలం అందుకున్నారు. మా ఊళ్ళో కాచుక్కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళూ నా కళ్ళముందు లేచి నిలబడి పంచె బిగించుకుంటున్నారు.

కీర్తన నావైపు తిరిగింది. ఉన్నట్టుండి ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి.

"ఆంటీ," అంది గుసగుసగా, "మీరు కాఫీ తాగుతారా?"

ఈ పిల్లకి మతిపోయిందనుకున్నాను. "తాగుతానమ్మా."

"మరి డైలీ వద్దు చెప్పారు?"

"నువ్వు మళ్ళీ అడిగితే కదా!"

"ఓ మై గాడ్, మా ఇంట్లో కూడా ఆంటీలందరూ ఇంతే!" అని జడ్జిగారివైపు తిరిగింది. గడగడా చెప్పింది: "యువర్ ఆనర్, మా ఇంటికొచ్చినవాళ్ళు, మా అమ్మ భోజనానికి పిలిస్తే వద్దు వద్దంటారు. మా అమ్మ వినదు, వడ్డించేస్తుంది. వాళ్ళు రెండుసార్లు పెట్టించుకుని తింటారు. మావాళ్ళలో మొదటి వద్దు నిజం వద్దు కాదు. దయచేసి మళ్ళీ అడగండి."

జడ్జిగారు కలం దించారు. "ఎన్నిసార్లు అడగాలి?"

"మూడు."

ఆయన నిట్టూర్చి, మళ్ళీ అడిగారు. "మీకు గడువు కావాలా?"

ఇప్పుడైనా కావాలనాలి కదా? మీరైతే అనేవారు. కానీ రెండోసారికే చెయ్యి చాపేస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?

"అబ్బే, పరవాలేదండీ..."

వెనక బెంచీలో మార్గరెట్ తలపట్టుకుంది. కీర్తన నా చెయ్యి గట్టిగా పట్టుకుని మూడు వేళ్ళు పైకెత్తి జడ్జిగారికి చూపించింది.

ఆయన చాలాసేపు నన్నే చూశారు. ఇంక అడగరేమో, కోపం వచ్చిందేమో, నా బతుకు ఈ వెధవ మర్యాదకే పోయిందేమో అనుకుంటుండగా మూడోసారి అడిగారు.

"మీరు ఇంతగా బలవంతం చేస్తున్నారు కాబట్టి..." అన్నాను.

ఫోన్ మనిషి అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. జడ్జిగారు మైకు దగ్గరికి వంగి, "కోర్టు ఎవరినీ బలవంతం చేయడం లేదని రికార్డులో రాయండి" అన్నారు.

"ఆంటీ! ఒక్క మాట! కావాలి అనండి, ప్లీజ్!"

"కావాలండీ!" అని అరిచాను. ఫోన్ కుయ్యిమంది. "కావాలి, బాబ్బాబు, మీకు పుణ్యముంటుంది, చాలా కావాలి!"

గడువు వచ్చింది. లిఫ్ట్‌లో మార్గరెట్ కీర్తన భుజం తట్టి, మా ట్రైనింగ్‌లో ఈ పాఠం లేదే, ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. కీర్తన "మా అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర" అని, అప్పుడు ఏడ్చింది. ఆ పిల్లని చూసి నేనూ ఏడ్చాను. కిందకి చేరేసరికి ముక్కులు తుడుచుకోవడానికి మా దగ్గర నా కొంగు ఒక్కటే ఉంది.

ఆ రాత్రి దేవుడి పటం ముందు నిలబడి, కర్పూరం వెలిగించి, ప్రమాణం చేశాను. స్వామీ, ఈ జన్మలో ఎవరు ఏది ఇస్తానన్నా, మొదటిసారి అడిగినప్పుడే తీసుకుంటాను. వద్దు అనే మాట నా నోట మళ్ళీ వస్తే ఆ నోట్లో మన్నుపడు గాక.

మర్నాడు పొద్దున్నే కాయితాల మీద వేలిముద్రలు వేయడానికి కీర్తన ఆఫీసుకి వెళ్ళాను. నన్ను చూడగానే నవ్వుతూ ఎదురొచ్చింది.

"కాఫీ కావాలా ఆంటీ?"

"కావాలి" అన్నాను ఠక్కున.

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. మెషీన్ వైపు చూసింది, నావైపు చూసింది.

"అయ్యో ఆంటీ, ఇంకా పెట్టలేదు. మూడుసార్లు అడిగేలోపు రెడీ అయిపోద్ది అనుకున్నా!"

"వద్దులే అమ్మా, నీకెందుకు శ్రమ" అనబోయి, నోరు మూసుకుని, ఖాళీ కప్పు పట్టుకుని కూర్చున్నాను.