చెప్పుతో తుడిచేసిన మిషన్

సంగారెడ్డి కోర్టు వరండాలో కూర్చుని నేలమీద బొమ్మలు గీసే క్లయింటు నాకు ఒక్కడే దొరికాడు. పటాన్‌చెరు దగ్గర ఆయనకు చిన్న వర్క్‌షాపు ఉండేది. ఇనుముమీద గుర్తులు పెట్టుకునే సుద్దముక్క ఎప్పుడూ ఆయన చొక్కాజేబులోనే ఉండేది.

లేత్ మిషన్ కింద పడే ఇనుప రజనులోంచి నూనెను పిండి తీసే యంత్రం ఒకటి ఆయన సొంతంగా తయారుచేశాడు. ఆ ఆలోచన తనదేనంటూ పాత భాగస్వామి కేసు వేశాడు. కేసు తేలేదాకా దాన్ని నడపొద్దు, అమ్మొద్దు అని స్టే తెచ్చాడు. ఇక అన్నీ వాయిదాలే. ఓసారి జడ్జిగారు సెలవు, ఓసారి అవతలి వకీలుకు జ్వరం. నాకు తల పగిలిపోయేది. ఈయన మాత్రం గొంతుక్కూర్చుని ఏదో కొత్త మిషన్ గీసుకునేవాడు. లోపలికి పిలవగానే చెప్పుతో తుడిచేసి లేచేవాడు.

చివరికి గెలిచాం. ఏం గెలుపు! ఈలోపు అలాంటి యంత్రాలే ఎక్కడినుంచో వచ్చి చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నింట్లో చేరిపోయాయి.

తీర్పు చేతికొచ్చిన రోజు కూడా ఆయన గీస్తూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"కేసు అయిపాయె గదనే అన్నా, ఇగ గిదన్న జల్ది తయారుచెయ్యి" అన్నాను.

ఆయన లేచి, బొమ్మను చెప్పుతో మెల్లగా తుడిచేశాడు.

"తయారుచేస్తెనే గద సారూ, ఎవడన్న వచ్చి నాదనేది? నేలమీద గీసినదానికైతే ఎవ్వడు స్టే తేడు."